అతికించకూడని గీతలు

"ఇక్కడ స్కేలుబద్ద ఎవరండీ?"

డ్రాయింగ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన తీరు చూస్తే, ఆ స్కేలుబద్ద చేతికి దొరికితే అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేలా ఉంది. బయట వాన దంచి కొడుతోంది. కోపంలో గొడుగు మడవడం మరిచిపోయినట్టుంది, తెరిచిన గొడుగు గుమ్మానికి అడ్డం పడి లోపలికి రాలేక అవస్థ పడుతోంది.

కిటికీ పక్క బల్ల మీద వంగి గీసుకుంటున్న కుర్రాడు మెల్లగా చెయ్యెత్తాడు. సన్నగా, నిటారుగా ఉంటాడని ఆఫీసులో వాళ్ళు పెట్టిన పేరది. జీతం చీటీ మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

"నేనేనండీ."

"నా థీసిస్ బొమ్మలు ఫెయిర్ చేసింది మీరేనా?"

"అవునండీ. నచ్చాయా?"

పాపం, నిజంగానే అడిగాడు. మెచ్చుకోవడానికి ఇంత వానలో వచ్చిందేమోనని కుర్చీ కూడా జరిపాడు.

ఆమె గొడుగుని గుమ్మంలోనే వదిలేసి వచ్చి, చేతిలోని కాగితాలు బల్ల మీద పరిచింది. నిండా గుండ్రటి గీతలు. "నా గీతలు తెగి తెగి ఉండాలి. మీరు అన్నీ అతికించేశారు!"

"ఇంకు అయిపోయిందేమో, స్కానింగులో ఎగిరిపోయాయేమో అనుకున్నానండీ. మేం గీసే కట్టడాల పటాల్లోనూ తెగిన గీతలున్నాయి. ఇంకా కట్టనిదాన్ని, ఇంకా తవ్వనిదాన్ని అలాగే గీస్తాం. కానీ మా దగ్గర ముక్కలన్నీ ఒకే కొలత. మీవేమో ఎక్కడ పడితే అక్కడ తెగాయి. మేడం తొందరలో గీసుకున్నట్టున్నారని ఒక్కొక్కటీ కూచుని అతికించాను. రెండు ఆదివారాలు పట్టింది."

"ఖాళీల పక్కన చిన్న అక్షరాలతో రాసిన మాటలు ఏమయ్యాయి?"

"చిందరవందరగా ఉన్నాయని కింద వరసగా సర్దానండీ. అక్షరక్రమంలో."

పక్క గదిలోంచి మేనేజరు తొంగి చూసి, ఇది తను కల్పించుకోవాల్సిన విషయం కాదని గ్రహించి తలుపు వేసుకున్నాడు.

"కూచోండి," అంది చివరికి, అదేదో తన ఆఫీసైనట్టు. అతను కూచున్నాడు. ఆమె పెన్సిలు తీసుకుని ఒక ఉత్త కాగితం ముందుకు లాక్కుంది. "ఇది తర్కం. బొమ్మలతో చేసే తర్కం. ఉత్త కాగితం మీద ఏది రాస్తే అది ఉన్నట్టే. దాని చుట్టూ గుండ్రంగా గీత గీస్తే లేనట్టు. ఇదిగో, కుందేటి కొమ్ము. చుట్టూ నిండు గీత. అంటే?"

"కుందేటికి కొమ్ము లేదు."

"ఆ గీత తెగి తెగి ఉంటే, లేకపోవచ్చు అని. ఇదిగో, మొలక. గింజ వేశాం. మొలక రాకపోవచ్చు. రాదని మాత్రం అనట్లేదు. మీరు ఈ గీతని అతికించి నా మొలకని కుందేటి కొమ్ము చేసి పెట్టారు."

అతను కాగితం వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. ఆమె జుట్టులోంచి ఒక చినుకు జారి సరిగ్గా మొలక మీద పడింది. ఇంత కోపంలో మనిషి ఇంత బాగుండటం అన్యాయమని అతనికి అనిపించింది.

"మరి ఖాళీ పక్కన మాటలో?"

ఆమె గొంతు కాస్త తగ్గింది. అడిగేవాళ్ళు దొరక్క చాలాకాలమైనట్టుంది. "మొలక గింజలో దాక్కుని కూచోలేదు. మట్టి, నీళ్ళు, ఎండ ఉంటేనే 'రావచ్చు' అన్న మాటైనా ఉంటుంది. ఏదైనా ఉందంటే ఇంకేవో ఉండబట్టే, దానంతట అది కాదు అంటారు బౌద్ధులు. 'ఉండొచ్చు' అనేది కూడా అంతేనని నేనంటున్నాను. అందుకే ఒక్కో ఖాళీ పక్కన ఒక్కో కారణం రాశాను. కారణం పోతే ఆ ఖాళీ మూసుకుపోతుంది. అన్నీ పోతే నిండు గీతే."

"లేదు అని."

"లేదు అని," అంది ఆమె. ఆ మాట దగ్గర ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. తన తప్పు వల్లేనని అతను అనుకున్నాడు.

*

తప్పు దిద్దడానికి నెల పైనే పట్టింది. నిజానికి వారం చాలు. రోజుకి నాలుగు బొమ్మలే గీస్తే ఆ అమ్మాయి రోజూ వస్తుందని కుర్రాడు కనిపెట్టాడు. రోజుకి నాలుగే గీస్తున్నాడని ఆమె కూడా కనిపెట్టింది గానీ పైకి అనలేదు.

"స్కేలుబద్దా, నీ సున్నాలమ్మాయి వచ్చింది," అని మేనేజరు లోపల్నించే కేకేసేవాడు.

"సున్నాలు కావండీ!" అని ఆమె గుమ్మంలోంచే జవాబిచ్చేది.

"టీ తాగుతారా?" అని అతను అడిగితే, "తాగుతాననీ కాదు, తాగననీ కాదు," అనేది. బౌద్ధుల దగ్గర ప్రతి ప్రశ్నకీ నాలుగు మూలలుంటాయట. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉండటమూ కాదు లేకపోవడమూ కాదు.

"అయితే మీకు నాలుగో మూల టీ చెబుతాను. కప్పు వస్తుంది, అందులో ఏమీ ఉండదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయేది ఎప్పుడూ. నవ్వడం తప్పని ఎవరో గుర్తుచేసినట్టు పెదవి బిగబట్టేది.

ఒకరోజు అతను ధైర్యం కూడగట్టుకుని అడిగాడు. "మరి ఈ నాలుగు మూలల్లో బుద్ధుడు ఏది నిజమన్నాడు?"

"నిర్వాణం పొంది పోయినవాళ్ళ గురించి అడిగితే ఏదీ అనలేదు. ఆరిపోయిన మంట ఏ దిక్కుకి వెళ్ళిందని అడిగితే ఏం చెప్తాం, ప్రశ్నే కుదరదు అన్నట్టు ఊరుకున్నాడు."

"వినడానికి బాగుంది."

"వినడానికి బాగుంటుంది," అంది ఆమె. "ఇంట్లో మనుషులకి చెప్పి చూడండి, తెలుస్తుంది."

మీకు పెళ్ళయిందా అని నేరుగా అడిగే తెగువ లేక, "మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అన్నాడు.

"అమ్మ, నేను," అంది. "అన్నయ్య..." అంటూ బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి, తెగి తెగి ఒక గుండ్రటి గీత గీసింది. అది ఆరిపోయేదాకా ఇద్దరూ చూస్తూ కూచున్నారు.

*

ఆఖరి బొమ్మలు ఇవ్వడానికి అతనే ఆమె ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది వాళ్ళమ్మ. చెవి దగ్గర ఫోను పెట్టుకునే ఉంది, కూచోమని చేత్తో సైగ చేసింది.

స్పీకరులోంచి రికార్డు చేసిన గొంతు పైకే వినిపిస్తోంది. మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు.

"విన్నావా నాయనా? అందుబాటులో లేదంటోంది. లేడు అనట్లేదు కదా! అమ్మాయి చదువులో కూడా అంతేనట." ఫోను ఛార్జింగుకి పెట్టి పక్కనే కూచుంది. "మా పెద్దాడు సొరంగంలో సర్వేయరు. ఆ కొండ సొరంగం లేదూ, కూలిందే, అందులో. లోపల పక్కదారి ఉందిగా. అందులోకి వెళ్ళి ఉంటారు వీళ్ళంతా. మట్టి తియ్యడం ఎందుకు ఆపారో మరి, మళ్ళీ మొదలుపెడతారులే."

ఆవిడ చూపించిన గోడ మీద పేపర్లోంచి కత్తిరించి అంటించిన బొమ్మ ఉంది. నల్లటి లావుపాటి గీతలతో సొరంగం, దాన్ని ఆనుకుని అంతే లావు గీతలతో పక్కదారి, లోపల చిన్న చిన్న మనుషుల గుర్తులు.

కుర్రాడు లేచి ఆ బొమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆ సొరంగం పటాలన్నీ వాళ్ళ ఆఫీసులోనే తయారయ్యాయి. ఆ పక్కదారి అతని బల్ల మీదే, అతని చేతి మీదుగానే గీత పడింది. తెగిన గీత. ముక్కలన్నీ ఒకే కొలత. ముందు ముందు తవ్వాల్సిన దారి అది, అక్కడ ఇంకా పలుగు కూడా పడలేదు. పేపర్లో బొమ్మ వేసినవాడెవడో, చూడటానికి బాగుంటుందని ఆ ముక్కలన్నీ అతికించేశాడు. సరిగ్గా తను ఆ అమ్మాయి బొమ్మలకి చేసినట్టే. అక్కడ తను అతికిస్తే ఉండొచ్చన్నది లేకుండా పోయింది. ఇక్కడ వాడు అతికిస్తే లేని దారి పుట్టుకొచ్చింది. సొరంగం తవ్వించే కంపెనీవాళ్ళు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అలా ఉండటమే వాళ్ళకి సుఖం.

"ఏం నాయనా, అలా అయిపోయావు? మంచినీళ్ళు ఇవ్వనా?"

"ఏం లేదమ్మా," అన్నాడు. అంతకంటే పెద్ద అబద్ధం అతను అంతవరకూ ఆడలేదు.

చెప్పాలి. చెబితే ఆ తల్లి ఏమవుతుంది? చెప్పకపోతే, ఆ అమ్మాయి ముఖంలోకి ఏ ముఖం పెట్టుకుని చూడటం? ఇలా అనుకుంటూనే మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు, ఆ పై వారం కూడా. తల్లికి అతను బాగా నచ్చాడు. పిండిమర పని, కరెంటు బిల్లు పని చెప్పేంత చనువొచ్చింది. "ఈ అబ్బాయికి ఎప్పుడూ ఆ కుర్చీయే కావాలి, ఆ గోడకి వీపు పెట్టే కూచుంటాడు," అని ఆవిడ వేళాకోళం చేస్తే, కూతురు అతని వంక ఓరగా చూసి నవ్వేది. ఇప్పుడా నవ్వు మధ్యలో ఆగడం లేదు. అదే అతనికి మరీ నరకంగా ఉంది. ఆ నవ్వు తనది కాదని, దొంగసొత్తు జేబులో పెట్టుకుని తిరుగుతున్నానని అనిపించేది.

మేనేజరుకి చెబితే, "మనకెందుకయ్యా? మనం గీతలు గీసేవాళ్ళం," అన్నాడు. రెండు నిమిషాలాగి, "కానీ గీత సరిగ్గానే గీశాం కదా," అని తనే తల పట్టుకున్నాడు.

*

ఒక మధ్యాహ్నం ఆమె ఆఫీసుకి వచ్చింది. థీసిస్ పూర్తయిందని ముఖం వెలిగిపోతోంది. బయట సన్నగా వాన.

"మీకొకటి చూపిస్తాను. ఎవరికీ చూపించలేదు," అంటూ మడత పెట్టిన కాగితం విప్పింది.

కాగితం మధ్యలో అన్నయ్య పేరు. చుట్టూ గుండ్రటి గీత. ఖాళీల పక్కన చిన్న అక్షరాలు. గాలి గొట్టం, నీళ్ళు, తిండి, పక్కదారి.

"గొట్టం నలిగిపోయి బయటికొచ్చిన రోజున ఈ ఖాళీ మూశాను. మిగతావి కూడా మూసేదాన్నే. కానీ పక్కదారిలో నీటి ఊట ఉండొచ్చు, గాలి ఉండొచ్చు. అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ ఒక్క ఖాళీ చాలు." పెన్సిలుతో దాన్ని మెల్లగా తట్టింది. "దీన్ని చూసుకునే థీసిస్ రాశానేమో. మీరు ఆ రోజు గీతలన్నీ అతికించి తెచ్చినప్పుడు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా?"

ఇంక ఆగితే తను మనిషే కాదనుకున్నాడు. లేచి వెళ్ళి సొరుగులోంచి సొరంగం పటం తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"పక్కదారి చూడండి."

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. "ఇది తెగి ఉంది," అంది.

"అవును."

"మీ పద్ధతిలో తెగిన గీతంటే..."

"ఇంకా తవ్వలేదని."

"ప్రింటులో ఎగిరిపోయిందేమో. వానకి చెరిగిందేమో. ఎవరైనా పొరపాటున..."

"నేనే గీశానండీ. ముక్కలన్నీ ఒకే కొలత. అక్కడ రాయి తప్ప ఇంకేమీ లేదు."

ఆమె పటం మీంచి తలెత్తింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ మాట కోసం అతను ఎన్నాళ్ళుగానో ఎదురుచూశాడు, ఇలా వస్తుందని అనుకోలేదు.

"మీ ఇంటికి వచ్చిన మొదటి రోజు నుంచి."

"అంటే ఇన్నాళ్ళూ మా అమ్మ చేతి టీ తాగుతూ, ఆ బొమ్మ చూస్తూ..."

"చూడలేదు. చూడలేకే ఆ కుర్చీలో కూచునేవాణ్ణి."

"చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే మీరు మళ్ళీ రారని భయమేసింది. అది తప్పే. ఆ భయం వల్ల ఇంకో నెల రోజులు మీ అమ్మగారి చేత ఫోన్లు చేయించాను."

ఆమె పెన్సిలు తీసుకుంది. ఆ ఆఖరి ఖాళీ మీద ములుకు ఆనించింది. గీత మాత్రం ముందుకి సాగలేదు. పెన్సిలు విసిరికొట్టి, అన్నయ్య పేరున్న కాగితాన్ని పిడికిట్లో నలుపుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు గుమ్మం పక్కనే ఉండిపోయింది.

*

రోజులు గడిచాయి. గొడుగు అక్కడే ఉంది. మేనేజరు కూడా "సున్నాల" అన్న మాట ఎత్తడం లేదు.

ఆమె వచ్చిన రోజున కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపలికి రాలేదు.

"అమ్మ ఇంకా ఫోను చేస్తూనే ఉంది. నాకు నోరు పెగలడం లేదు. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ తర్కంలోకి పోయాను. గీసింది నువ్వు. నువ్వు వచ్చి చెప్పు."

అతను పటం చుట్టుకుని ఆమె వెంట నడిచాడు.

ఆ రోజు కుర్చీ మార్చి గోడకి ఎదురుగా కూచున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. పేపరు బొమ్మ పక్కన పటం పెట్టి, ఏ గీత ఏదో వేలుతో చూపించాడు. తల్లి అడ్డురాలేదు.

"తవ్వలేదా?" అంది అంతా అయ్యాక.

"లేదమ్మా."

ఆవిడ ఫోను అందుకుని అలవాటు కొద్దీ నంబరు నొక్కింది. ఆ గొంతు చెప్పేదంతా చివరి మాటదాకా వింది. ఎప్పటిలా ఎదురు వాదించలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూతురి వైపు తిరిగింది.

"ఇంత చదివావు కదమ్మా. వాడిప్పుడు ఉన్నట్టా, లేనట్టా?"

కూతురు నోరు తెరిచింది. నాలుగు మూలలూ తెలుసు, ఆరిపోయిన మంట మాటా తెలుసు. ఒక్కటీ గొంతు దాటలేదు. తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమంది.

"అది నాకూ తెలీదమ్మా," అన్నాడు కుర్రాడు మెల్లగా. "ఎక్కడున్నారో మాత్రం తెలుసు."

తల్లి తలెత్తింది.

"లోపల్నించి మీ అబ్బాయి పంపే కొలతలు పటంలోకి ఎక్కించేది నేనే. ఆయనెవరో తెలీదు, ఆయన అంకెలే తెలుసు. చాలా శుభ్రంగా ఉండేవి. ఒక్కసారి కూడా తిరిగి అడగాల్సిన పని పడలేదు. ఆ రోజు పొద్దున ఏ రాయి పక్కన నిలబడి ఆఖరి కొలత తీశారో నాకు తెలుసు. కొండ ఎక్కితే, సరిగ్గా దానికి పైన నిలబడొచ్చు. మిమ్మల్ని తీసుకెళతాను."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, గోడ మీది కాగితాన్ని అంచులు చిరగకుండా గోటితో ఊడదీసి అతని చేతిలో పెట్టింది. "ఎప్పుడు వెళదాం నాయనా?" అంది.

*

కొండ మీద గడ్డి మోకాలి దాకా ఉంది. అతను కొలతలు చూసుకుంటూ, అటు నాలుగడుగులు ఇటు రెండడుగులు సర్దుకుంటూ, చివరికి ఒకచోట కర్ర పాతాడు. "ఇక్కడమ్మా."

తల్లి అక్కడ చతికిలబడి నేల మీద అరచెయ్యి ఆనించింది. ఏదో మాట్లాడుతోంది. వినడం మర్యాద కాదని ఇద్దరూ పక్కకి నడిచారు.

ఆమె సంచీలోంచి నలిగిన కాగితం తీసింది. బండ మీద సాపు చేసి, పక్కదారి అన్న మాట దగ్గరి ఖాళీని పెన్సిలుతో మెల్లగా కలిపింది. ఈసారి చెయ్యి ఆగలేదు. గీత పూర్తయ్యాక దాన్ని చూస్తూ ఉండిపోయింది. అతను ఓదార్చబోలేదు. ఆ పక్కనే నిలబడ్డాడు.

"నీ మీద కోపం పోలేదు," అంది కళ్ళు తుడుచుకుని.

"పోనక్కర్లేదండీ. కానీ నేను... మిమ్మల్ని ప్రేమిస్తున్నాను. ఇది చెప్పే చోటు కాదని తెలుసు. ఈసారి మాత్రం ఆలస్యం చెయ్యదలుచుకోలేదు."

ఆమె సంచీలోంచి ఉత్త కాగితం ఒకటి తీసి, దాని మీద ఏదో రాసి అతని చేతికిచ్చింది. ఆమె పేరు, పక్కన అతని పేరు. స్కేలుబద్ద కాదు, జీతం చీటీ మీద మిగిలిపోయిన అసలు పేరు.

"ఇదెలా తెలిసింది?"

"మీ మేనేజరుని అడిగాను. చాలా రోజుల క్రితమే."

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చుట్టూ గీత లేదేం? కనీసం తెగిన గీతైనా..."

"ఉత్త కాగితం మీద రాస్తే ఏమని చెప్పాను, మొదటి రోజున?"

అతనికి గుర్తుంది. "ఉన్నట్టే," అన్నాడు.

చినుకులు మొదలయ్యాయి. అతను చంకలోని రెండు గొడుగులూ తీశాడు. ఒకటి తనది, ఒకటి ఆఫీసు గుమ్మంలో ఆమె వదిలేసి వెళ్ళినది. తల్లి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి వచ్చింది. చేతిలో ఫోను ఆపేసి ఉంది. ఇద్దరి ముఖాలూ చూసింది, ఆ కాగితమూ చూసింది.

"ఆ గొడుగు ఇటివ్వు," అని కూతురి గొడుగు తను తీసుకుంది. "మీ ఇద్దరికీ ఒకటి చాలు."

కాగితం తడవకుండా అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ తడిగడ్డిలో జాగ్రత్తగా అడుగులేస్తూ కొండ దిగారు.